ర్యాక్ కూలింది ఒక్కటే, కేసులు మాత్రం మూడు: బేగంబజార్ గోడౌన్ కథ

2025 మార్చిలో ఒక శనివారం సాయంత్రం, హైదరాబాద్ బాలానగర్‌లో ఫ్యాబ్రికేషన్ షాపు నడిపే ఒకాయన నా లాయరు ఆఫీసుకు వచ్చాడు. చేతిలో బ్యాంకు ఇచ్చిన చెక్ రిటర్న్ మెమో. "సార్, ఆరు లక్షల చెక్కు ఆపించిండు సేఠ్. 420 పెట్టి లోపలేయించాలె" అన్నాడు ఇంకా కూర్చోకముందే. టీ తెప్పించి మొదటి నుంచి చెప్పమన్నాను. ఆయన లెక్కలో మొదలు అంటే చెక్కే. ఎందుకు ఆపించాడు అని మూడోసారి అడిగితే గానీ అసలు సంగతి బయటికి రాలేదు: ఈయన బిగించిన ర్యాకు కూలింది, ఒక హమాలీకి కాలూ భుజమూ విరిగాయి, పోలీసులు కేసు కట్టారు, అందులో ఈయన రెండో నిందితుడు.

వ్యవహారం మొత్తం ముగిసింది కాబట్టి, ఆయన అనుమతితో, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను. నా దగ్గరికి వచ్చే జూనియర్లకు కాంట్రాక్టు, టార్ట్ (ఒప్పందం లేకపోయినా పరిహారం కట్టాల్సి వచ్చే సివిల్ తప్పు), నేరం వేర్వేరు పేపర్లుగానే తెలుసు, ఎందుకంటే కాలేజీలో వేర్వేరుగానే పరీక్ష రాస్తారు. ఈ కేసులో మూడూ ఒకే ఇనుప ర్యాక్‌కు వేలాడుతున్నాయి. ఒకచోట మనల్ని గెలిపించిన కాగితం పక్క కోర్టులో పనికిరాకుండా పోవడం నేను ఇంత దగ్గరగా చూసింది ఇందులోనే.

విషయం ఇదీ. బేగంబజార్‌లో డ్రైఫ్రూట్స్ హోల్‌సేల్ చేసే సేఠ్ గోడౌన్‌కు స్టోరేజ్ ర్యాకులు కావాలి. 2024 అక్టోబర్‌లో కొటేషన్, డిసెంబర్‌లో బిగింపు, జీఎస్టీతో కలిపి 18 లక్షల బిల్లు. 12 లక్షలు చేతికొచ్చాయి, మిగతా 6 లక్షలకు ఫిబ్రవరి 28 తేదీతో చెక్కు. రంజాన్ ముందు ఖర్జూరం, బాదం, జీడిపప్పు బస్తాలు దిగుతున్న రోజుల్లో, ఫిబ్రవరి మూడో వారం ఒక మధ్యాహ్నం, రెండో అరలో బస్తాలు సర్దుతుండగా ఒక వరస మొత్తం పక్కకు ఒరిగి కింద ఉన్న మనిషి మీద పడింది. ఆ రాత్రి మా క్లయింటు సేఠ్‌కు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు: "తప్పయిపోయింది సేఠ్‌జీ, ఆయన దవాఖానా ఖర్చు నేను చూసుకుంటా." పది రోజులు తిరగకముందే, సేఠ్ వద్దని చెప్పినా వినకుండా, అదే మనిషి చెక్కు బ్యాంకులో వేశాడు. మార్చి 5న తిరిగొచ్చింది, చెల్లింపు ఆపమని ఖాతాదారు చెప్పినట్టు మెమోతో.

ముందు 420 సంగతి. ఆ నంబరు మన నోట్లో అరిగిపోయింది గానీ 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, మోసం ఇప్పుడు సెక్షన్ 318. నంబరు మారినా సారం మారలేదు. డబ్బు ఎగ్గొట్టడం వేరు, మోసం వేరు. ఒప్పందం చేసుకునే సమయానికే మనసులో దురుద్దేశం ఉండాలని సుప్రీంకోర్టు 2000లో హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో చెప్పింది, ఆ తర్వాత కూడా చెబుతూనే ఉంది. 18 లక్షల్లో 12 లక్షలు కట్టినవాడు మొదటి రోజే ముంచాలనుకున్నాడంటే ఎవరు నమ్ముతారు? ఆయన మొహం మాడిపోయింది. సరిగ్గా రెండు వారాలకు సేఠ్ కూడా ఈయన మీద మోసం ఫిర్యాదు ఇచ్చాడు, నాసిరకం రేకు వాడాడని. అప్పుడు అదే సూత్రం మనకు గొడుగైంది. వ్యాపార లావాదేవీల ఆరోపణల్లో ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ చేయొచ్చని 2013 లలితా కుమారి తీర్పు చెబుతోంది కాబట్టి, కొటేషన్, బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకెళ్లి స్టేషన్‌లో ఇచ్చాం. సివిల్ వివాదమని మూసేశారు.

ఇక చెక్కు. చెక్ బౌన్స్‌ను నేరంగా చూసేది నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138. ఇక్కడ ఆవేశం కంటే క్యాలెండర్ ముఖ్యం. బౌన్స్ అయిన సమాచారం అందిన 30 రోజుల్లోపు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, అది అందాక డబ్బు కట్టడానికి అవతలివాళ్లకు 15 రోజులు, అదీ దాటితే నెలలోపు మేజిస్ట్రేట్ ముందు ఫిర్యాదు. మార్చి 15న నోటీసు పంపాం, 18న అందింది, ఏప్రిల్ 2తో వాళ్ల గడువు తీరింది, 21న ఫిర్యాదు వేశాం. చెక్కు పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ ఖాతాది, సంతకం సేఠ్‌ది. కాబట్టి నోటీసు ఫర్మ్‌కూ పంపాం, ఆయనకూ పంపాం. సంతకం పెట్టిన మనిషిని మాత్రమే చేర్చి సంస్థను వదిలేసి కేసు పోగొట్టుకున్నవాళ్లు ఇప్పటికీ కనిపిస్తుంటారు, 2012 అనీతా హడా తీర్పు వచ్చి ఇన్నేళ్లయినా. కేసు ఎక్కడ వేయాలన్నది ఇంకో ప్రశ్న. మా వాడు నాంపల్లి అనుకున్నాడు, సేఠ్ ఉండేది అక్కడే కదా అని. 2015 సవరణ తర్వాత, ఖాతాలో వేసిన చెక్కు అయితే డబ్బు రావలసినవాడి ఖాతా ఉన్న బ్రాంచి ఏ కోర్టు పరిధిలో ఉంటే అక్కడే. ఈయన ఖాతా బాలానగర్‌లో. అలా బేగంబజార్ సేఠ్ కూకట్‌పల్లి కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది, దానికి ఆయన లోక్ అదాలత్ దాకా నన్ను తిట్టుకుంటూనే ఉన్నాడు.

చెల్లింపు ఆపించాను గానీ ఖాతాలో డబ్బుంది, సరుకు బాగాలేదు కాబట్టి ఆపాను అన్నది సేఠ్ వాదన. తేలిగ్గా తీసుకోవలసిన వాదన కాదు. స్టాప్ పేమెంట్ అయినా సెక్షన్ 138 కిందికి వస్తుందని 1998లోనే మోదీ సిమెంట్స్ కేసు తేల్చింది. కానీ ఖాతాలో తగినంత డబ్బుండి, న్యాయమైన కారణంతోనే ఆపానని నిందితుడు రుజువు చేసుకుంటే బయటపడొచ్చని 2001 ఎంఎంటీసీ తీర్పు తలుపు తెరిచే ఉంచింది. చెక్కు ఉందంటే బాకీ ఉన్నట్టే అనే ఊహ సెక్షన్ 139 కింద మనవైపు, 2010 రంగప్ప తీర్పు ప్రకారం అప్పు చట్టబద్ధమైనదే అన్న ఊహ కూడా మనవైపు. అయినా దాన్ని పడగొట్టడానికి సేఠ్ సందేహాలన్నీ తీర్చేంత రుజువు చూపించనక్కర్లేదు, మొగ్గు తనవైపు ఉందనిపిస్తే చాలు. అందుకే మా క్లయింటుకు అప్పుడే చెప్పాను, ఈ కేసు చెక్కు మీద నడవదు, ర్యాకు ఎందుకు కూలిందన్న దాని మీద నడుస్తుంది అని.

ఆ మాట అన్న వారానికే సేఠ్ లాయరు రిప్లై నోటీసు వచ్చింది. మూడు పేజీల కోపం. అందులో రెండో పేజీలో ఒక వాక్యం: "మా క్లయింటు రెండు నెలలుగా ఒక్కో అర మీద 50 కిలోల బస్తాలు 12 చొప్పున పెడుతున్నారు, మీ క్లయింటు ఎన్నడూ అభ్యంతరం చెప్పలేదు." నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. 12 బస్తాలంటే 600 కిలోలు. అక్టోబర్ నాటి కొటేషన్ కింద, సేఠ్ సంతకం పక్కనే ఉంది: ఒక్కో అరకు సమంగా పరిచిన బరువు 400 కిలోలు మించరాదు. ఎక్కువ బరువు వేశానని తనంతట తానే రాసిచ్చాడు. దీన్ని ఒప్పుకోలు అంటారు. అదే తిరుగులేని రుజువు కాదు గానీ, ఆ తర్వాత ఎక్కడ మాట మార్చినా ఈ కాగితం ఎదురు నిలుస్తుంది.

అటువైపు ఇంకో మాట కూడా ఉంది. బిగించేటప్పుడు మా వాడు "ఏనుగెక్కినా ఏం గాదు సేఠ్" అన్నాడట. అన్నాడా అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. అన్నాడనే అనుకుందాం. షాపువాళ్లు అనే ఇలాంటి గొప్పలు వాగ్దానం కింద లెక్కకు రావు, పైగా రాతలో ఉన్న షరతును నోటిమాటతో మార్చలేరు, సాక్ష్య చట్టం ఒప్పుకోదు. దాంతో సంతోషపడిపోయాడు. నాకు మాత్రం ఆ వాయిస్ మెసేజ్ గుర్తొస్తూనే ఉంది. రిప్లై నోటీసు సేఠ్ మీద పనిచేసినట్టే ఆ మెసేజ్ మన మీద పనిచేస్తుంది. ఫోన్ నుంచి తీసిన కాపీ పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, కొత్త నమూనాలో హాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే కోడ్, కూడా రాయాలి. అవతలి లాయరు ఆ పని తెలియనివాడేమీ కాదు.

గోడౌన్ చూడకుండా ఈ కేసు నడపకూడదని, సేఠ్ లాయరుతో మాట్లాడుకుని ఇద్దరం కలిసి ఒక ఆదివారం వెళ్లాం. ఇరుకు సందు, లోపల యాలకుల వాసన. కూలిన వరసను పోలీసులు పంచనామా చేసినప్పటి నుంచి కదల్చలేదు. టార్చ్ వేసుకుని కింద బేస్ ప్లేట్లు చూస్తూ పోయాను. డ్రాయింగ్‌లో ఒక్కో ప్లేటుకు రెండు యాంకర్ బోల్టులు, అంటే స్తంభాన్ని నేలకు బిగించేవి. ఆ వరసలో నాలుగు స్తంభాలకు ఒక్కొక్కటే ఉంది. రెండో రంధ్రం ఖాళీ, కింద కాంక్రీటుకు డ్రిల్ తగిలిన గీత కూడా లేదు. అంటే ఊడిపోయిన బోల్టు కాదు, అసలు వేయని బోల్టు. పక్కనున్న లాయరు కూడా చూశాడు, ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఇంకొకటి గమనించాను: గోడౌన్ మొత్తంలో ఎక్కడా బరువు పరిమితి బోర్డు లేదు.

సోమవారం మా క్లయింటును పిలిచి ఫోటోలు ముందు పెట్టాను. చాలాసేపు చూశాడు. "ఆ రాత్రి డ్రిల్ బిట్ విరిగింది సార్. పొద్దున వచ్చి ఏద్దామనుకున్నం. పొద్దున ఇంకో సైట్‌కు పోవాల్సొచ్చింది." అంతే. దురుద్దేశం లేదు, డబ్బు మిగుల్చుకుందామనీ కాదు, నాలుగు బోల్టుల ధర ఎంతని. నేను కోప్పడింది బోల్టుల గురించి కాదు, ఈ ముక్క నాకు మొదటి రోజు చెప్పనందుకు.

ఆ రోజు ఆయనకు కాగితం మీద గీసి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. సేఠ్‌తో మనకున్నది కాంట్రాక్టు. అక్కడ 400 కిలోల షరతు బలమైన కవచం, పైగా రెండు నెలలు వాడుకుని తిరస్కరించకుండా ఉంచుకున్నాడు కాబట్టి సరుకు వెనక్కి తీసుకోమని అనలేడు, 1930 సరుకుల అమ్మకం చట్టం సెక్షన్ 59 ప్రకారం లోపానికి తగ్గ మొత్తం ధరలో కోసుకోగలడు, అంతే. కానీ హమాలీ ఆ కొటేషన్ మీద సంతకం పెట్టలేదు. ఆయనకు మనతో కాంట్రాక్టే లేదు. అయినా బాధ్యత ఉంటుందా అంటే, 1932లో బ్రిటన్‌లో డొనోగ్యూ కేసు తేల్చింది సరిగ్గా ఇదే: నీ పని వల్ల ఎవరికి దెబ్బ తగులుతుందో ముందే ఊహించగలిగితే వాళ్ల పట్ల జాగ్రత్తగా ఉండాల్సిన బాధ్యత నీకుంది, కాంట్రాక్టు ఉన్నా లేకపోయినా. మన దగ్గర టార్టులకు ప్రత్యేక చట్టం లేదు, కోర్టులు ఈ సూత్రాలనే వాడుకుంటూ వచ్చాయి. గోడౌన్ ర్యాకు కింద ఎవరుంటారు? హమాలీయే కదా. ఆ మనిషిని చూడ్డానికి వెళ్లినప్పుడు ఆయన భార్య అడిగిన ప్రశ్నను ఏ లాయరూ అంత సూటిగా వేయలేడు: "నాలుగొందల కిలోలే అని రాసిన్రంటున్నరు గదా, గా రాత ఏడుంది సారూ? మా ఆయనకు ఎవరు సూపెట్టిన్రు?"

సేఠ్ ఫైల్లో ఉంది. గోడ మీద లేదు. కాబట్టి సేఠ్ మీద మనల్ని గెలిపించే వాక్యం, హమాలీ ముందుకు వచ్చేసరికి మన నిర్లక్ష్యానికి రుజువు: పరిమితి ఉందని తెలిసీ వాడేవాళ్లకు చెప్పలేదు.

మరి అధిక బరువు వేయించిన సేఠ్ సంగతి? ఆయనా బాధ్యుడే. ఇద్దరి నిర్లక్ష్యం కలిసి మూడోవాడికి దెబ్బ తగిలితే, బాధితుడు పరిహారం మొత్తం ఇద్దరిలో ఎవరి దగ్గరైనా వసూలు చేసుకోవచ్చు, వాటాల గొడవ వాళ్లూ వాళ్లూ చూసుకోవాలి. మోటారు ప్రమాదాల సందర్భంలో 2015 ఖేన్యే తీర్పు దీన్ని వివరంగా చెప్పింది. మా వాడికి ఇది ఎంతకీ మింగుడు పడలేదు. "సగం తప్పుకు పూర్తి డబ్బా?" అవును, పూర్తి. హమాలీ తరఫు లాయరు ముందు ఇంకో దారి కూడా ఉంది, అప్పటికి అమల్లో ఉన్న 1923 ఉద్యోగుల పరిహార చట్టం కింద సేఠ్ మీద కమిషనర్ దగ్గరికి వెళ్లడం. కానీ అక్కడికి వెళితే సివిల్ దావా పోతుంది, దావా వేస్తే అది పోతుంది, రెండూ కుదరవు. మేస్త్రీ ద్వారా వచ్చిన మనిషి కాబట్టి ఉద్యోగా కాదా అన్న పేచీ కూడా ఉంది. ఆయన ఏదీ వేయకుండా వేచి చూశాడు, తెలివైన పనే చేశాడు.

ఎఫ్ఐఆర్ భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 125(బి), అంటే ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చే నిర్లక్ష్యపు పనితో తీవ్ర గాయం చేయడం. ఎముక విరిగితే చట్టం దృష్టిలో తీవ్ర గాయమే. శిక్ష మూడేళ్ల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. బెయిలబుల్. స్టేషన్ నుంచి హాజరు కమ్మని నోటీసు వచ్చినప్పుడు మా వాడికి టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్ర లేదు, అరెస్టు చేయడానికి కాదు, అరెస్టు అవసరం లేదని ఇచ్చే నోటీసు అది అని ఎంత చెప్పినా. సివిల్ బాధ్యతకు మామూలు నిర్లక్ష్యం చాలు, నేరానికి చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి. డాక్టర్ల సందర్భంలో 2005 జాకబ్ మాథ్యూ తీర్పు ఈ గీత గీసింది. వేయని నాలుగు బోల్టులు ఆ గీతకు ఎటువైపు? నిజం చెప్పాలంటే నేను మన వైపే వాదించేవాణ్ణి, కానీ జడ్జి కుర్చీలో ఉంటే ఎలా రాసేవాణ్ణో ఇప్పటికీ తేల్చుకోలేదు.

అప్పటికి నా సలహా ఖరారైంది: ముందు హమాలీతో తేల్చుకో, ఆ తర్వాతే సేఠ్. మా వాడు ససేమిరా అన్నాడు. ఆయన అడుగుతున్నది 6 లక్షల దావా వేయమని. అది నేరుగా వేయడానికి లేదు. 3 లక్షలు, ఆపైన విలువున్న వాణిజ్య వివాదమైతే, అత్యవసర మధ్యంతర ఉపశమనం అడగని పక్షంలో, 2015 వాణిజ్య కోర్టుల చట్టం సెక్షన్ 12ఏ కింద ముందు మీడియేషన్‌కు, అంటే మధ్యవర్తి ముందు రాజీ చర్చలకు, వెళ్లి తీరాలి. వెళ్లకుండా వేసిన దావాను తిప్పి కొట్టాల్సిందేనని 2022 పాటిల్ ఆటోమేషన్ తీర్పు. చిన్న పరిశ్రమల కౌన్సిల్‌కు పోదామా అంటే చిన్న పరిశ్రమగా నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ర్యాకులు బిగించాక తీసుకున్నాడు, అక్కడ మొదటి రోజే పేచీ వస్తుందని వదిలేశాం. ఏప్రిల్ నెలాఖరున మీడియేషన్ అప్లికేషన్ పెట్టాం.

సేఠ్ అక్కడ తన లెక్క తీశాడు: పాడైన సరుకు 5 లక్షల 20 వేలు, రంజాన్ సీజన్ పోయిన లాభం 9 లక్షలు. సరుకు సరే, లాభం ఎలా అన్నాను. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 ప్రకారం సహజంగా జరిగే నష్టం, లేదా ఒప్పందం నాడే ఇద్దరికీ తెలిసిన నష్టం మాత్రమే. అవతలి లాయరు నవ్వి కొటేషన్ మొదటి పేజీ తిప్పాడు. "రంజాన్ సీజన్ లోపు పని పూర్తి చేయబడును." మా వాడే రాశాడు, ఆర్డరు దక్కించుకోవడానికి. 400 కిలోల వాక్యం కోసం అదే కాగితాన్ని అన్నిసార్లు చదివి, మొదటి పేజీని నేను పట్టించుకోలేదు. ఒప్పుకుంటున్నాను.

అక్కడ ఆగిపోయిన చర్చను కదిలించింది చట్టం కాదు, సేఠ్ సీఏ. డిసెంబర్ బిల్లు మీద సేఠ్ జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నదాని మీది పన్నును తాను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) మొత్తం ఎప్పుడో వాడుకున్నాడు. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు చెల్లించకపోతే ఆ మేరకు క్రెడిట్ వడ్డీతో తిరిగి కట్టాలి, ఆ గడువు జూన్‌లో వస్తోంది. సీఏ ఫోన్ చేసిన మర్నాటి నుంచి సేఠ్ గొంతు మెత్తబడింది. మా వాడి గొంతు మెత్తబడింది మాత్రం హమాలీ ఇంటికి నాతో వచ్చిన రోజు. రాడ్ వేసిన కాలు చాపుకుని ఆ మనిషి "మీరేనా సేఠ్, ఆ ఇనుము బిగించింది?" అని మామూలుగా అడిగాడు. మా వాడు ఎంతసేపూ తలెత్తలేదు. తిరిగొస్తూ కారులో, ఎంత అడుగుతున్నరు సార్ అన్నాడు, అంతకుముందు ఆ ప్రశ్న ఒక్కసారి కూడా వేయనివాడు.

హమాలీకి 4,50,000, అందులో మా వాడు 2,50,000, సేఠ్ 2,00,000. సేఠ్ బాకీ 6 లక్షలకు బదులు 3,75,000 ఇస్తాడు, సరుకు, లాభాల క్లెయిము వదులుకుంటాడు. మిగిలిన వరసలన్నింటికీ మా వాడు సొంత ఖర్చుతో బోల్టులు పూర్తి చేసి, తెలుగు, హిందీ, ఉర్దూల్లో బరువు బోర్డులు పెడతాడు. సేఠ్‌తో ఒప్పందం మీడియేషన్‌లో రాయించాం, దానికి ఆర్బిట్రేషన్ అవార్డుతో సమానమైన బలం ఉంటుంది. హమాలీది లోక్ అదాలత్‌లో పెట్టాం, అది డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. పైగా డబ్బు ఆ రోజే ముందు పెట్టమని నేనే పట్టుబట్టాను, వాయిదాల మీద రాసుకున్న పరిహారాలు ఎలా ఎండిపోతాయో చూసినవాణ్ణి. చెక్కు కేసు సెక్షన్ 147 కింద రాజీతో కూకట్‌పల్లిలో ముగిసింది.

క్రిమినల్ కేసే ఆఖరున తెమిలింది. 125(బి) రాజీ కుదిరే నేరమే గానీ, బాధితుడు ఒప్పుకుంటే సరిపోదు, కోర్టు అనుమతించాలి. హమాలీ నాంపల్లికి రెండుసార్లు కర్రతో వచ్చాడు, మొదటిసారి మేజిస్ట్రేట్ సెలవు. రెండోసారి, ఎవరైనా బలవంతం చేశారా అని జడ్జి అడిగితే, లేదన్నాడు. డబ్బు అందిందా అని అడిగితే, అందింది, అప్పులు పోను మిగిలింది బ్యాంకులో వేసినం అన్నాడు. బస్తాలు ఇక ఎత్తలేడు. సేఠ్ గోడౌన్‌లోనే కాంటా దగ్గర కూర్చుంటున్నాడు.